గోడలు కనబడని ఆట

వంతెన మీంచి నీళ్లు పొర్లిన వరద వచ్చిందే, దాని తరవాతి ఎండాకాలం. ఎవరి పెళ్లి ఎప్పుడైందో, ఎవరి బిడ్డ ఎప్పుడు పుట్టిందో మా దగ్గర ఇప్పటికీ ఆ వరదకి ముందా వెనకా అనే చెప్పుకుంటారు. ఆ వరద మా వీడియో గేముల హాల్లోకి నడుం లోతు వచ్చింది. గేము పెట్టెలన్నీ అడుగున ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకుపోయాయి. అన్నయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. నేను రంపం పట్టుకున్నాను.

హాలు మా ఇద్దరిదీ. గల్లాపెట్టె దగ్గర అన్నయ్య, చెక్కపని దగ్గర నేను. మాట్లాడే పని ఆయనది. చిన్నప్పట్నించీ అంతే. నాకెప్పుడూ అది లోటనిపించలేదు.

ఉన్నవాటిల్లో జనాన్ని లాగేది ఒకటే పెట్టె. దాన్ని సందుల ఆట అనేవాళ్లు. తెర నిండా సందులు, సందుల నిండా గింజలు. ఒక దొంగ ఆ గింజలన్నీ ఏరుకోవాలి, ఏరినకొద్దీ పైన అంకె పెరుగుతుంది. నలుగురు కాపలావాళ్లు, తలో రంగువాళ్లు, వెంటపడతారు. వాళ్లు తగిలితే దొంగ పోయినట్టే. మూడు సార్లు పోతే ఆట అయిపోయినట్టే. బొమ్మలు చూస్తే బొటనవేలి గోరంత. పక్కనే విమానాల ఆట ఉంది, కార్ల ఆట ఉంది. వాటి రంగులేంటి, మోతలేంటి! అయినా జనం దీని దగ్గరే మూగేవాళ్లు.

ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు, పెట్టె చెక్కని చూసి తెలుసుకున్నాను. విమానాల ఆట పెట్టెకి అడుగున ఎప్పుడూ తన్నిన గుర్తులు. నెలకోసారి ఆ పలక మార్చేవాణ్ని. సందుల ఆట పెట్టెకి అవి ఉండేవి కావు. దానికి దొంగని తిప్పే పిడి పక్కన, అరచెయ్యి ఆనించే చోట, రంగు పోయి చెక్క నున్నగా తేలేది. అందులో ఓడినవాడు పెట్టెని తన్నడు. తన నుదురు తనే కొట్టుకుంటాడు. "ఛ, కుడికి తిరగాల్సింది" అనుకుంటాడు. కౌంటర్లో ఇంకో బిళ్ల కొని పెట్టెలో వేస్తాడు. ఏ గోడ ఎక్కడుందో, ఏ కాపలావాడు ఎటు వస్తున్నాడో అంతా కళ్లముందే ఉందాయె. దాచిందేమీ లేదు. దాచనప్పుడు తిట్టడానికి ఎవరుంటారు?

నా కొడుకు లారీ మీద తిరిగేవాడు. ఇంట్లో ఉండేదానికన్నా రోడ్డు మీద ఉండేదే ఎక్కువ. నా కోడలు హాల్లో బిళ్లల కౌంటర్లో కూర్చునేది. పెళ్లై వచ్చిన ఏడాదికే అన్నయ్య కూర్చోబెట్టాడు. జీతం మాట వస్తే, "మన ఇంటి మనిషికి జీతమేంటి, పరాయిదాన్ని చేస్తామా" అనేవాడు. అప్పట్లో ఆ మాట మా అందరికీ గొప్పగానే వినబడింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పొద్దున హాలు ఊడ్చాక, జనం రాకముందు, ఒక ఆట ఆడుకునేది కోడలు. ఒకరోజు మా ఆవిడ నాకు భోజనం క్యారేజీ పట్టుకొచ్చింది. కోడలు తెర మీదికి వంగి, "రా అత్తా, రా. ఇంకొంచెం రా" అంటోంది.

"ఎవర్నే అత్తా అంటున్నావు?" అంది మా ఆవిడ.

కోడలు ఉలిక్కిపడింది కానీ పిడి వదల్లేదు. "ఈ పచ్చదాన్ని అత్తయ్యా."

"పచ్చదానికీ నాకూ ఏంటి సంబంధం?"

"ఎటు వెళ్తే అటు వెనకే వస్తుంది. వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, పెరట్లోకి వెళ్తే పెరట్లోకి."

"నేనేదో నీ మేలు కోరి వస్తుంటే!" అని క్యారేజీ కింద పెట్టి తెర దగ్గరికి జరిగింది మా ఆవిడ. "మరి ఈ తెల్లదో?"

"ఆడపడుచు. వెనక రాదు. మనం ఎటు వెళ్తామో ముందే ఊహించి ఆ సందు మొదట్లో నిలబడి ఉంటుంది. ఈ నీలంది తోడికోడలు. తనంతట తను ఏమీ చెయ్యదు. అత్త ఎటు వస్తోందో చూసుకుని రెండో వైపు నించి వస్తుంది."

"ఈ తోడికోడలి సంగతి మాత్రం నిజం" అంది మా ఆవిడ. ఆమె తోడికోడలంటే అన్నయ్య భార్యే. "ఆ నాలుగోది ఎవరే?"

కోడలు నావైపోసారి చూసింది. "మామ. మీదికి వచ్చేస్తున్నట్టే వస్తాడు అత్తయ్యా. తీరా దగ్గరికి వచ్చాక ఏదో గుర్తొచ్చినట్టు తిరిగి తన మూలకి వెళ్లిపోతాడు."

"అచ్చం!" అంది మా ఆవిడ. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నేను కింద పడ్డ స్క్రూలు ఏరుకుంటున్నాను.

తరవాత నేను అడిగాను, ఇంతసేపు పోకుండా ఎలా ఆడుతున్నావని. చెక్కపని చేసేవాణ్ని కదా, నాకు అర్థమయ్యేలాగే చెప్పింది.

"తిన్నని సందులో వాళ్లు మనకన్నా వేగం మామయ్యా. మలుపుల్లో మనం వేగం. అందుకని ఎప్పుడూ మలుపులున్న వైపుకే లాక్కుపోవాలి. ఈ పక్క గోడకి కంత ఉంది చూశారా, ఇటు దూరితే అటు తేలతాం. అందులో వాళ్లు నెమ్మదిస్తారు. మూసేసిన సందు ఒక్కటి లేదు. ఎక్కడ ఇరుక్కున్నా ఏదో ఒక దారి ఉంటుంది, చూసుకోవాలంతే. ఈ గోడలు కట్టినవాడెవడో మంచివాడు."

అన్నయ్య బస్టాండు దగ్గర ఇంకో గది తీసుకున్నాడు, రెండో హాలు పెడదామని. అదీ ఇద్దరి పేరు మీదే. అరలూ తలుపులూ నేనే చేస్తున్నాను కాబట్టి తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఎండలకి జనం పలచబడ్డారు. జనాన్ని రప్పించడానికి అన్నయ్య హాలు ముందు మైకు పెట్టించాడు.

"సందుల ఆటలో ఈ పెట్టె మీదున్న పెద్ద అంకెని దాటినవాళ్లకి బస్టాండు హాలు అప్పగిస్తా! నడుపుకోండి, లాభంలో సగం మీది!"

ఆ పెద్ద అంకె ఆయన బావమరిదిది. పొద్దస్తమానం ఊరికే ఆడుకునేవాడు, పని లేక. ఇంకెవరూ దాన్ని దాటలేదు. అన్నయ్య ధీమా అదే.

కౌంటర్లోంచి కోడలు అడిగింది. "ఎవరికైనానా పెదమామయ్యా?"

"ఎవరికైనా!" అన్నాడు మైకులోనే.

"ఆడవాళ్లకి కూడానా?"

"దొంగకి ఆడేంటమ్మా, మగేంటి!"

జనం గొల్లుమన్నారు. ఆయనా నవ్వాడు. కోడలు నవ్వలేదు. బిళ్లలు వరసగా పేరుస్తోంది.

ఆ వారం మా వాడు ఇంటికొచ్చాడు. భోజనాల దగ్గర సంగతి విని, "పెదనాన్న మాట మీద నిలబడతాడా?" అన్నాడు.

"మైకులో అన్నారు" అంది కోడలు.

"హాలు వస్తే ఏం చేస్తావే?" అంది మా ఆవిడ.

"కూర్చుంటాను అత్తయ్యా. కౌంటర్లోనే. కాకపోతే ఈసారి నాకోసం కూర్చుంటాను."

ఆ పిల్ల ఇంటికొచ్చాక తనకోసమని నోరు తెరిచి అడగడం అదే మొదలు. మా వాడు తన కంచంలో ముక్క తీసి ఆమె కంచంలో వేశాడు. మా ఆవిడ చూడనట్టు మంచినీళ్ల కోసం లేచింది.

సెలవురోజు చూసుకుని ఆడింది. హాలు నిండా జనం. నేను పెట్టె పక్కనే నిలబడ్డాను, కరెంటు తీగ ఎవరి కాలికైనా తగులుతుందేమోనని. పచ్చదాన్ని వెనకేసుకుని మలుపుల్లో తిప్పి తిప్పి, నీలందాన్ని దానికే అడ్డం పెట్టి, కంతలో దూరి అటు తేలింది. ఒక గింజల తెర అయిపోయింది, ఇంకోటి అయిపోయింది. ముందు నవ్వినవాళ్లు తరవాత ఊపిరి బిగబట్టారు. అంకె దాటగానే ఎవరో ఈలేశారు. కోడలు ఆపలేదు, ఉన్న దొంగలన్నీ పోయేదాకా ఆడి, అప్పుడు అన్నయ్య వైపు తిరిగింది.

అన్నయ్య చప్పట్లు కొట్టాడు. చప్పట్లు కొడుతూనే అన్నాడు, "భలే అమ్మాయ్! కాకపోతే గోడలు కళ్లముందు కనబడుతుంటే ఎవరైనా ఆడతారు. గోడలు కనబడకుండా ఆడాలి. అదీ పందెం."

"అన్నయ్యా, మైకులో ఆ మాట లేదు" అన్నాను.

"నువ్వు చెక్క సంగతి చూసుకోరా తమ్ముడూ."

జనం ముందు అన్నాడు ఆ మాట. మింగాను.

పెట్టెల్లోపలి కరెంటు బోర్డులు బాగుచేసే మెకానిక్‌ని పిలిపించాడు. మెకానిక్ మంచి పనివాడు, అన్నయ్యంటే భయం. ఉన్న సందుల దారి మార్చేశాడు, గోడలు తెర మీద కనబడకుండా చేశాడు, గింజలు కూడా దూరదూరంగా పోశాడు. తెర మీద ఇంక దొంగ, కాపలావాళ్లు, అక్కడక్కడా గింజలు. మిగతాదంతా నలుపు. పిడి ఎటు తిప్పితే ఎటు గుద్దుకుంటుందో తెలీదు.

కోడలు బిళ్ల వేసి చేతులు కట్టుకుని నిలబడింది. దొంగ కదల్లేదు. పచ్చది వచ్చి ముట్టుకుంది. జనంలో గుసగుసలు. రెండో దొంగ వచ్చింది. దాన్నీ కదపలేదు.

"బెదిరింది" అన్నాడు అన్నయ్య బావమరిది.

మూడో దొంగ రాగానే పిడి పట్టుకుంది. ఇంక చూడాలి! లేని గోడ పక్కనించి, లేని మూల తిరిగి, ఎక్కడా గుద్దుకోకుండా పరుగు. గోడలు ఆమెకొక్కదానికే కనబడుతున్నట్టు. బావమరిది అంకెని మళ్లీ దాటేసింది.

"ఎలాగమ్మా?" అన్నాడు మెకానిక్, నోరు తెరుచుకుని.

"గోడలు నాకు కనబడకపోతే ఏం, కాపలావాళ్లకి ఉన్నాయిగా అన్నా. వాళ్లు గోడల్లోంచి దూరలేరు. వాళ్లు తిరిగినచోట మూల. తిరక్కుండా పోయినచోట దారి. మొదటి రెండుసార్లూ వాళ్లనే చూశాను."

హాలంతా చప్పట్లు. కుర్చీలు ఎక్కి మరీ కొట్టారు. ఆ చప్పట్లలో అన్నయ్య ముఖం నేను చూశాను. ఓడినవాడి ముఖం కాదది. ఇంకో దారి వెతుక్కుంటున్నవాడి ముఖం. నా తోడబుట్టినవాడి ముఖంలో అలాంటిది చూడాల్సి వచ్చినందుకు నాకు సిగ్గేసింది.

"మూడుసార్లు గెలిస్తేనే గెలిచినట్టు" అన్నాడు.

"మొన్నటిదాకా ఒకసారే అన్నారు పెదమామయ్యా."

"పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పకూడదమ్మా."

ఈసారి మెకానిక్ ఇంకో రకం చేశాడు. దొంగ చుట్టూ దీపం వెలుగంత గుండ్రం. అందులో ఉన్నదే కనబడుతుంది. దాని బయట గోడలు కనబడవు, గింజలు కనబడవు, కాపలావాళ్లు కనబడరు. మీదికి వచ్చాక తెలుస్తుంది వచ్చారని. అప్పటికి పోయినట్టే. అందరికీ అలవాటు కావాలని చెప్పి అన్నయ్య కొన్నాళ్లు ఆ ఆటే ఉంచాడు. అసలు సంగతి, ఆట తొందరగా అయిపోతోంది, బిళ్లలు గలగలా పడుతున్నాయి. మొదట్లో జనం ఎగబడ్డారు. తరవాత నేను ఆ పెట్టె అడుగు పలక మార్చాల్సి వచ్చింది. సందుల ఆట పెట్టెకి, తన్నుల వల్ల, మొదటిసారి. బూటు మడమ దిగబడిన గుంటలు.

ఆ పలక పట్టుకెళ్లి అన్నయ్యకి చూపించాను. "జనం తంతున్నారు అన్నయ్యా."

"తన్నితే ఏం, బిళ్ల వేసే తంతున్నారుగా" అన్నాడు. బావమరిది కిసుక్కుమన్నాడు.

కోడలు మూడోసారి ఆడాల్సిన రోజు పొద్దున నేను బస్టాండు గదిలో ఉన్నాను, తలుపుకి గడియ బిగిస్తూ. బయట నిచ్చెన వేసిన చప్పుడైంది. చూస్తే బోర్డులు రాసే ఆయన, పెద్ద బోర్డు గుమ్మం మీద కడుతున్నాడు. హాలు పేరు, కింద నడిపేవారి పేరు. అన్నయ్య బావమరిది పేరు. రంగు ఎండిపోయి ఉంది.

"ఎప్పుడు చెప్పారయ్యా ఇది రాయమని?"

"పోయిన వారమే మేస్త్రీ. మీకు తెలీదా?"

నాకు తెలీదు. కోడలికి తెలీదు. ఆ పిల్ల ఆ వారమంతా చిన్న దీపం పెట్టి, ఆ వెలుగు ఎంత మేర పడుతుందో చూసుకుంటూ వంటింట్లో కూర్చుంది. ఆ గుండ్రంలో అడుగులు ఎలా వెయ్యాలా అని వేళ్లతో నేల మీద నడిపించుకుంది. మా ఆవిడ పనంతా తనే చేసుకుని ఆమెని కదపలేదు. ఇక్కడ చూస్తే బోర్డు రాసి ఎండబెట్టేశారు.

నేను హాలు చేరేసరికి ఆట మొదలైంది. మా ఆవిడ కూడా వచ్చి గోడ వారగా నిలబడి ఉంది. కోడలు అడుగులో అడుగేసి దొంగని నడిపిస్తోంది. మూల దగ్గర ఆగింది. ఎటు? వెలుగులోకి పచ్చది వచ్చింది, ముట్టుకుంది. రెండోసారి తెల్లది. మూడోసారి వెనకనించి ఏదో. అదేదో కూడా కనబడలేదు. వెతుక్కోవడానికి ఏమీ లేదు అక్కడ. తల పగలగొట్టుకున్నా తెలుసుకునే దారి లేదు. మొత్తం ఆట టీ చల్లారేంత సేపు కూడా లేదు.

కోడలు పిడి మీంచి చెయ్యి తీసింది. గొంతు పెంచలేదు.

"ఇందులో నేను చేసిన తప్పేదో చూపించండి పెదమామయ్యా."

"ఓడిపోయినవాళ్లంతా అదే అంటారమ్మా."

"లేదు. ముందున్న ఆటలో ఓడినవాళ్లు అలా అనరు. వాళ్లకి తెలుస్తుంది. ఎక్కడ తిరక్కూడదో, ఎందుకు పోయామో. దీన్లో మీరు ఆడినా అంతే, నేను ఆడినా అంతే. ఒక్క తప్పు చూపించండి, ఇంక అడగను."

అన్నయ్య జనం వైపు తిరిగి నవ్వాడు. "చూశారుగా, న్యాయంగానే ఆడించాం. మూడోది పోయింది. ఏం చేస్తాం! బస్టాండు హాలు ఇక మా బావమరిది..."

నేను పెట్టె వెనక్కి వెళ్లి తీగ పీకేశాను.

తెర ఆరిపోయింది.

"కరెంటు పోయిందా?" అన్నారెవరో.

"లేదు. నేనే తీశాను" అన్నాను. "బోర్డు పోయిన వారమే రాయించావు అన్నయ్యా. ఇంక ఈ ఆటెందుకు?"

అన్నయ్య ఏదో అనబోయాడు. మా ఆవిడ వచ్చి కోడలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. నేను వాళ్ల వెనక నడిచాను.

ఇంట్లో కోడలు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. మూలనున్న బట్టలన్నీ తీసి ఉతకడానికి కూర్చుంది, ఉతికినవి కూడా మళ్లీ ఉతుకుతోంది. మా ఆవిడ నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏమండీ, మీరు వెళ్లి ఏమన్నా అంటారా, నేను వెళ్లి అననా?"

"ఏం అంటావు?"

"నాకు మాటలకి కరువా!"

"మాటలు ఆయనకీ ఉన్నాయి. పొద్దున చూద్దాం" అన్నాను.

"మీ పొద్దునలు ఎన్ని చూడలేదు" అంది. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

మర్నాడు పొద్దున ముందుగా మెకానిక్ ఇంటికి వెళ్లాను. పళ్లు తోముకుంటున్నాడు. "మొదటి ఆట బోర్డు ఉందా?" అన్నాను. ఉందన్నాడు. "పట్టుకుని హాలుకి రా."

"పెద్దాయన అడిగితే ఏం చెప్పను మేస్త్రీ?"

"నా పేరు చెప్పు."

హాలు తెరిచి సందుల ఆట పెట్టెని తోపుడుబండి ఎక్కించాం. అన్నిట్లో సగం నాది. మిగతా పెట్టెల జోలికి పోలేదు. బస్టాండు గదికి చేర్చాక మెకానిక్ పాత బోర్డు బిగించాడు. తెర వెలిగింది. సందులు, గోడలు, గింజలు, నలుగురూ, అంతా ఉన్నది ఉన్నట్టు. పెట్టెని తెర రోడ్డు మీదికి కనబడేలా గుమ్మం వైపు తిప్పి, కింద కదలకుండా చీలలు కొట్టి సరిచూసుకున్నాను. నిచ్చెనెక్కి గుమ్మం మీది పేరు బోర్డు దించి, పేరు లోపలికి ఉండేలా గోడకి ఆనించాను.

కోడల్ని మా ఆవిడ తీసుకొచ్చింది. కోడలు గుమ్మంలో ఆగి, తెర చూసి, నన్ను చూసింది.

"పెదమామయ్య ఒప్పుకున్నారా?"

"ఆయన్ని అడగలేదు" అన్నాను. "కూర్చో."

కౌంటర్లో కూర్చుంది. తాళంచెవి ఆమె ముందు పెట్టాను. బస్సు దిగినవాళ్లు ఇద్దరు ముగ్గురు తెర చూసి ఆగారు. ఒకాయన బిళ్ల అడిగాడు. కోడలు ఇచ్చింది. నేను స్టూలు జరుపుకుని గుమ్మం పక్కన కూర్చున్నాను.

అన్నయ్య వస్తాడని తెలుసు. వచ్చాడు. వెనక బావమరిది. గుమ్మం ముందు నిలబడి, "ఎవరినడిగి తెరిచావురా?" అన్నాడు.

"హాలు నడిపే మనిషి అదిగో లోపలుంది. ఏమైనా ఉంటే ఆమెనడుగు" అన్నాను.

నేను లేవలేదు.